చీటీ మీద మన పేరేది?

గ్యాలరీలో గోడకు తగిలించిన ప్రతి బొమ్మ పక్కన అరచేతంత చీటీ ఒకటి ఉంటుంది. బొమ్మ వేసిన మనిషి పేరు, బొమ్మకు పెట్టిన పేరు, వేసిన ఏడాది, వాడిన రంగులు, కొలతలు, ఒక్కోసారి ధర, ఇవన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి. చూడటానికి చిన్న ముక్క. కానీ రేపు పుస్తకాల్లోకి ఎక్కేది, వేలంలో ధర పలికేది, పిల్లల పాఠాల్లోకి వచ్చేది ఆ ముక్క మీద రాసిన పేరే. ఆ పేరు లేని పని ఎంత గొప్పదైనా ఒక వస్తువుగా మిగిలిపోతుంది. చేసినవాడు మనుషుల లెక్కలోంచి జారి తెగల లెక్కలో పడతాడు.

మనకు జరుగుతున్నది ఇదే. మన పని గోడ మీదికి వెళ్తోంది. మన పేరు వెళ్లడం లేదు.

మేము ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ టీచర్లం. కళావిమర్శ చదువుకున్నవాళ్లం కాదు. కానీ పిల్లల హాజరు రోజూ పేరు పెట్టి పిలిచి తీసుకునేవాళ్లం. పేరు పిలవకపోతే పిల్లవాడు బడికి వచ్చినా రానట్టే లెక్క అని మాకు బాగా తెలుసు. ఆ కళ్లతోనే ఒక ఏడాది పొడవునా, సెలవు దొరికినప్పుడల్లా, నగరంలోని ఒక ప్రాంతీయ కళా గ్యాలరీకి వెళ్లి అక్కడ జరిగిన ప్రదర్శనలు చూశాం. వీలైనప్పుడు పిల్లల్నీ వెంట తీసుకెళ్లాం. ఆ గ్యాలరీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ జబ్బు దాని ఒక్కదానిదే కాదు. ఒకదాని పేరు రాస్తే మిగతావి హాయిగా తప్పించుకుంటాయి.

ఏడాది ఎలా గడిచింది

చలికాలంలో ఒక పెద్ద చిత్రకారుడి జీవితకాలపు పని అంతా ఒకచోట పెట్టారు. హాలు నిండా బొమ్మలు. గుమ్మం పక్కన ఆయన ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ వయసులో ఆయన గీత మారింది అని గోడంత రాసి పెట్టారు. చిన్నప్పుడు నోటుపుస్తకంలో గీసిన పిచ్చి గీతలు కూడా అద్దాల పెట్టెలో ఉన్నాయి. మాకు అసూయ కలగలేదు. ఒక మనిషి చేతిపనిని ఇంత శ్రద్ధగా, ఇంత మర్యాదగా చూపించవచ్చు అని తెలిసింది. అంటే ఎలా చూపాలో ఈ గ్యాలరీలకు తెలుసు. తెలియక చేయడం లేదన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎండాకాలంలో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ పిల్లల ప్రదర్శన. ఇరవై ఏళ్లు దాటీ దాటని పిల్లలు. ఒక్కొక్కరి బొమ్మ పక్కన పేరు, ఊరు, తమ బొమ్మ గురించి తాము రాసుకున్న నాలుగు ముక్కలు. బాగుంది. మొదటి బొమ్మకే పేరు దొరికిన పిల్లవాడు రెండో బొమ్మ ధైర్యంగా వేస్తాడు.

వానలు మొదలయ్యాక ఫొటోల ప్రదర్శన పెట్టారు. అందులో సగం గోడలు మన ముఖాలే. పొగచుట్ట పట్టుకున్న తాత, ముక్కుపుడకల అవ్వ, వాగులో ఈదే పిల్లలు. ఫొటో తీసినవారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ కెమెరాతో తీశారో ఉంది. కింద ‘గిరిజన వృద్ధురాలు’ అని ఉంది. మా వెంట వచ్చిన ఒక అమ్మాయి చాలాసేపు ఆ ఫొటో ముందు నిలబడి, “సార్, ఈ అవ్వ పేరు రాయలేదేం?” అని అడిగింది. కెమెరా కంపెనీ పేరు తెలుసుకున్నవారు ఎదురుగా కూర్చున్న అవ్వ పేరు తెలుసుకోలేదు. దీన్ని అజ్ఞానం అందామా, అహంకారం అందామా?

ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినం వచ్చింది. ఇక మన వారం. గ్యాలరీలో ఆదివాసీ కళల ప్రదర్శన. ఇత్తడి బొమ్మల పక్కన ‘గోండు, లోహం’ అని చీటీ. గోడబొమ్మ దగ్గర ‘సవర, సంప్రదాయ చిత్రం’. గుడ్డమీద బొమ్మ దగ్గర ‘కోయ, వస్త్రం’. ఏడాది లేదు. ఊరు లేదు. మనిషి లేడు. చలికాలంలో గోడంత జీవితకథ రాసినవాళ్లకు ఇక్కడ ఒక పేరు రాయడానికి సిరా చాలలేదు. ఇంకో తప్పు చూడండి. ఆదిలాబాద్ ప్రాంతంలో ఇత్తడి పోత పోసేది ఓజాలు. గోండులకు, కోలాములకు దేవుడి గంటలు, నగలు, బొమ్మలు తరతరాలుగా పోసి ఇచ్చింది వాళ్లే. ‘గోండు, లోహం’ అని రాసినప్పుడు మనిషి పేరే కాదు, ఆ మనిషి జాతి పేరు కూడా పోయింది.

ప్రారంభం రోజు గేటు దగ్గర గుస్సాడీ ఆడించారు. అతిథులు దీపం వెలిగించి లోపలికి వెళ్లారు. ఆడినవాళ్లు బయటే అన్నం పొట్లాలు తిని బస్సెక్కారు. లోపల గోడమీద ఉన్నదాని గురించి చెప్పగలిగినవాళ్లు ఆ రోజు అక్కడ ఎవరైనా ఉన్నారంటే, ఆ బస్సులో ఉన్నారు.

ఏడాది చివర్లో మేళా. ఈసారి మనవాళ్లు హాలులో కూడా లేరు. ఆవరణలో షామియానా కింద, బజ్జీల బండి పక్కన స్టాల్. అక్కడ కొన్న ఇత్తడి ఏనుగుకు బేరం ఆడి వంద తగ్గించుకున్నవాళ్లే, పైన హాలులో ఫ్రేము కట్టిన బొమ్మ ధర చూసి మాట్లాడకుండా తల ఊపారు. ఇదీ ఏడాది.

వాళ్లు చెప్పే మూడు మాటలు

ఈ సంగతి అడిగితే మూడు జవాబులు వస్తాయి. మూడూ చదువుకున్నవాళ్ల జవాబులే. మూడూ నిలబడేవి కావు.

మొదటి మాట: “ఆదివాసీ కళ సామూహికం. దానికి ఒక కర్త ఉండడు. పేరు రాస్తే ఆ సామూహికతే దెబ్బతింటుంది.”

వినడానికి మనల్ని పొగిడినట్టే ఉంటుంది. కానీ ఆలోచించండి. తోడి రాగాన్ని త్యాగరాజు పుట్టించలేదు. రాగాలు ఎవరి సొత్తూ కావు. అయినా కీర్తన త్యాగరాజుదే అంటాం. కూచిపూడి ఒక ఊరి పేరు. ఎన్నో కుటుంబాలు కలిసి కాపాడుకున్న నాట్యం అది. అయినా వేదిక ఎక్కే నర్తకి పేరు, ఆమె గురువు పేరు ఆహ్వానపత్రిక మీద తప్పకుండా ఉంటాయి. వాళ్ల సంప్రదాయంలో మనిషికి పేరుంటే సంప్రదాయం దెబ్బతినలేదు. మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు దెబ్బతింటుంది?

పైగా మన ఊళ్లలో ఎవరి పనో ఎవరికీ తెలియదు అన్నది పచ్చి అబద్ధం. దేవుడి గంట ఏ ఓజా పోశాడో ఊరి పట్లకు తెలుసు. కిక్రి వాయిస్తూ కథ చెప్పే పర్ధాన్ ఏ ఇంటివాడో, ఎవరి దగ్గర ఆ కథ నేర్చాడో, ఎక్కడ తన మాట కలిపాడో వినేవాళ్లకు తెలుసు. పడిగె గుడ్డమీది బొమ్మలు చూపిస్తూ ఇలవేల్పుల కథ చెప్పే కోయ డోలీ పేరు ఆ గట్టు మొత్తానికి తెలుసు. ఊళ్లో ఉన్న పేరు నగరానికి వెళ్లే దారిలో పోతోంది. దారిలో పోయిందంటే దారిలో ఉన్నవాళ్లనే అడగాలి: కొని తెచ్చిన దళారిని, సేకరించిన అధికారిని, ప్రదర్శన కూర్చిన క్యూరేటర్‌ను.

సామూహికం అనే మాటకు ఇంకో పరీక్ష ఉంది. కళ సమూహానిదే అయితే డబ్బు కూడా సమూహానికే రావాలి కదా. ‘గోండు కళ’ అని పేరు పెట్టి అమ్మినదాని సొమ్ములో గోండు సమూహానికి వాటా వచ్చిందా? పేరు దగ్గర సమూహం కావాలి, లాభం దగ్గర సమూహం అక్కర్లేదు. ఇదేం లెక్క?

రెండో మాట: “అది హస్తకళ. ఒకేలాంటివి వందలు చేస్తారు. కళాఖండం అంటే ఒక్కటే ఉంటుంది.”

ఈ మాట అనేవాళ్లు డోక్రా పోత ఎలా పోస్తారో ఒక్కసారైనా చూడలేదు. కెరమెరి, జైనూరు మండలాల ఊళ్లకు వెళ్తే చూడవచ్చు. ముందు మట్టితో లోపలి బొమ్మ చేసి ఆరబెడతారు. తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచి దారాల్లా తీసి, ఆ మట్టిబొమ్మ చుట్టూ చుడతారు. కళ్లు, నగలు, గీతలు, చుక్కలు అన్నీ ఆ మైనం మీదే. దానిపై మెత్తని మట్టి పూత, ఆ పైన గట్టి మట్టి. కాలిస్తే లోపలి మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టి బొమ్మ తీస్తారు. అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది. రెండో బొమ్మ కావాలంటే మళ్లీ మట్టి నుంచి మొదలుపెట్టాలి. అంటే పాత పద్ధతిలో పోసిన ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకలా ఉండవు. మరోవైపు నగర కళాకారులు ఒకే రాగి రేకు మీద గీసి ముప్పై, నలభై కాగితాల మీద అచ్చుతీసి, ప్రతి కాగితం కింద సంతకం చేసి అమ్ముతారు. అది కళాఖండమట. ఒక్కటే ఉండే ఓజా బొమ్మ మాత్రం హస్తకళ! కొన్నిచోట్ల దాన్ని తూకం వేసి కొంటారు. బియ్యం కొన్నట్టు, పాత సామాను కొన్నట్టు.

మూడో మాట: “వాళ్లే సంతకం పెట్టరు. మేమేం చేస్తాం?”

అడిగారా? ఫొటో తీసినప్పుడు అవ్వను పేరు అడిగారా? బొమ్మ కొన్నప్పుడు రసీదు మీద పేరు రాశారా? అడగనివాళ్లు ‘చెప్పలేదు’ అనకూడదు. కావాలనుకుంటే పేరు దొరుకుతుంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ప్రభుత్వానికి ఆయన పేరు దొరికింది. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలో పాడే సకిని రామచంద్రయ్యకు 2022లో ప్రకటించినప్పుడు ఆయన పేరూ దొరికింది. ఢిల్లీకి దొరికిన పేరు, పక్క జిల్లా గ్యాలరీకి దొరకదా?

పేరు రాసినచోట ఏం జరిగింది

పేరు రాస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 1982 ఫిబ్రవరిలో భోపాల్‌లో భారత్ భవన్ మొదలైంది. అక్కడి రూపంకర్ కళా సంగ్రహాలయాన్ని నడిపిన చిత్రకారుడు జె. స్వామినాథన్ ఒక పని చేశాడు. నగర చిత్రకారుల బొమ్మలూ ఆదివాసుల బొమ్మలూ ఒకే కప్పు కింద, ఒకే మర్యాదతో పెట్టాడు. ఆదివాసి గతకాలపు మనిషి కాదు, మనతోపాటే ఈ కాలంలో బతుకుతున్న కళాకారుడు అన్నది ఆయన వాదం. పాటన్‌గఢ్ అనే ఊరి గోడమీద బొమ్మ వేసిన పర్ధాన్ కుర్రవాడిని ఆయన మనుషులు వెతికి తీసుకొచ్చారు. అతనే జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయించే పర్ధాన్‌లు ఉన్నారే, ఆ పర్ధాన్‌ల వంశమే. అక్కడి పర్ధాన్ చేతిలో బానా అనే తంత్రీవాద్యం ఉండేది. జన్‌గఢ్ పాటలో ఉన్న దేవుళ్లను రంగుల్లోకి తెచ్చాడు. చీటీ మీద అతని పేరు పడింది. 1989 నాటికి పారిస్ పాంపిదూ సెంటర్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో అతని బొమ్మలు ఉన్నాయి. ఇవాళ ఆ శైలినే ‘జన్‌గఢ్ కలమ్’ అంటారు. ఒక మనిషి పేరు ఒక బడి పేరైంది. అతని వెనక భజ్జు శ్యామ్, దుర్గాబాయి వ్యామ్ లాంటి వాళ్లు వచ్చారు. భజ్జు శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయికి 2022లో పద్మశ్రీలు వచ్చాయి. దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ కలిసి అంబేద్కర్ జీవితాన్ని ‘భీమాయన’ పుస్తకంగా బొమ్మల్లో చెప్పారు. ఒక్క చీటీ మీద ఒక్క పేరు రాయడం వల్ల ఎంత దారి తెరుచుకుందో చూడండి.

అయితే పేరు ఒక్కటే చాలదు. ఇదీ జన్‌గఢ్ కథే చెబుతుంది. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి వెళ్లిన అతను అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభై ఏళ్లు కూడా లేవు. ఇంటికి రావాలని ఉందని ఉత్తరాలు రాశాడు. లోకానికి తెలిసిన పేరు ఉంది. కానీ దూరదేశంలో అతని పక్షాన మాట్లాడే సంఘం లేదు, అతను ఎప్పుడు తిరిగి రావాలో అతని చేతిలో లేదు. కాబట్టి పేరుతోపాటు షరతులు కూడా మనవి ఉండాలి. ఎన్ని రోజులు, ఎంత డబ్బు, వెనక్కి టికెట్ ఎవరి దగ్గర ఉంటుంది, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకున్న తర్వాతే మన పిల్లలు బండెక్కాలి.

దయ కాదు, చట్టం

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చీటీ మీద పేరు అడగడం అంటే చేయి చాచడం అనుకోకండి. 1957 కాపీరైట్ చట్టం మన దేశ చట్టం. దాని 57వ సెక్షన్ ప్రకారం, పని చేసినవారికి ‘ఇది నాది’ అని చెప్పుకునే హక్కు ఉంది. పని అమ్మేసినా ఆ హక్కు పోదు. ఆ పనిని పాడుచేసి తమ పరువు తీస్తే అడ్డుకునే హక్కు కూడా ఉంది. ఇదే చట్టం బొమ్మను, శిల్పాన్ని కళాకృతి అంటూ, అందులో కళావిలువ ఉన్నా లేకున్నా అది కళాకృతే అని చెప్పింది. కళానైపుణ్యంతో చేసిన ఇతర చేతిపనులను కూడా అందులోనే చేర్చింది. హస్తకళ వేరు, కళ వేరు అని గ్యాలరీ గీసిన గీత చట్టంలో లేదు.

53ఎ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ఒక బొమ్మో శిల్పమో మళ్లీ అమ్ముడుపోయి, ధర పది వేల రూపాయలు దాటితే, దాని తొలి హక్కుదారైన కళాకారుడికి ఆ ధరలో వాటా అడిగే హక్కు ఉంది. ఆ వాటా పది శాతం మించకూడదు. కానీ చీటీ మీద పేరే లేకపోతే ఆ వాటా ఎవరికి ఇస్తారు? ‘గోండు, లోహం’ అనే మనిషి ఎక్కడ ఉంటాడు? పేరు తీసేయడం మర్యాద సమస్యగా కనిపిస్తుంది. దాని అడుగున డబ్బు సమస్య ఉంది.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఇంకెక్కడో పోసినదాన్ని ఆదిలాబాద్ డోక్రా అని అమ్మకుండా అది అడ్డుకుంటుంది. కానీ భౌగోళిక గుర్తింపు కాపాడేది ప్రాంతం పేరును. మనిషి పేరును కాదు. దాని కింద లాభపడాలంటే ఉత్పత్తిదారుగా ఎవరికి వారు నమోదు చేయించుకోవాలి. మీ ఊళ్లో పోతపోసే ప్రతి ఇంటికీ ఆ నమోదు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే దరఖాస్తు నింపి పెట్టండి. ఆ పనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంటర్ చదివిన పిల్లలు చేయగలరు.

గోడకు ఎక్కకూడనివి

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఉన్నదంతా చూపించడానికి ఉన్నది కాదు.

గుస్సాడీ నెమలి ఈకల టోపీ అలంకారం కాదు. దండారి రోజుల్లో పూజచేసి ధరిస్తారు. ధరించినవాళ్లు నియమాలు పాటిస్తారు. ఏత్మాసుర్ పేన్ ఆ రోజుల్లో వాళ్ల మీద ఉన్నట్టు మనం నమ్ముతాం. దీపావళి తర్వాత కొలబోడితో ముగించి టోపీని భద్రంగా దాస్తారు. దాన్ని ఆగస్టులో, గేటు దగ్గర, అతిథి కారు దిగే వేళకు ఆడించడం ఎవరి సంస్కృతి? ఎవరి ఇంటి దేవుణ్ణయినా పండగ కాని రోజు గుడిలోంచి తీసి ఊరేగించమని అడుగుతారా? పెర్సాపేన్ గుర్తులు కటోడా కాపలాలో ఉంటాయి. వాటి నకలు చేసి అద్దాల పెట్టెలో పెట్టడం మనల్ని గౌరవించడం కాదు. సవరలు ఇంటి గోడమీద వేసే బొమ్మలు కూడా పూర్వం పెద్దల ఆత్మలకు, దేవతలకు ఇంట్లో చోటివ్వడానికి వేసినవే. దేనికోసం వేశారో, ఏది బయటికి ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చాల్సింది ఆ ఇంటివాళ్లు, ఆ ఊరి పెద్దలు. క్యూరేటర్ కాదు, కలెక్టర్ కాదు, మేమూ కాదు.

ఆస్ట్రేలియా ఆదివాసులకు ఇదే చిక్కు వచ్చింది. ఎడారి మధ్య పాపున్యా అనే చోట, 1971లో ఊరి పెద్దలు బడి గోడమీద తమ తేనెచీమ పూర్వకథను బొమ్మగా వేశారు. వేయమని ప్రోత్సహించింది ఆ బడి టీచరు జెఫ్రీ బార్డన్. మరుసటి ఏడాది, 1972లో, ఆ చిత్రకారులే యజమానులుగా పాపున్యా తులా అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. తొలిరోజుల బొమ్మల్లో రహస్యంగా ఉంచాల్సిన పూజావిషయాలు కూడా బయటపడ్డాయని తోటి ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. చిత్రకారులు ఆ మాట విన్నారు. దాచాల్సింది దాచి, చెప్పదగింది చెప్పేలా బొమ్మ మార్చారు. కళ ఆగిపోలేదు. ఇంకా పెరిగింది. 2010 నుంచి ఆ దేశంలో బొమ్మ మళ్లీ అమ్ముడైతే ఐదు శాతం కళాకారుడికి ఇవ్వాలన్న చట్టం అమలులో ఉంది. అయితే ఆ బడి గోడ మాత్రం మిగల్లేదు. 1974లో ఆ బొమ్మ మీద రంగు పూసేశారు. బడి గోడ ఎవరి చేతిలో ఉంది అన్నది అంత ముఖ్యమైన ప్రశ్న.

మన బడి గోడల సంగతి

ఇప్పుడు మన బడి గోడలు చూడండి. ఆశ్రమ పాఠశాల ప్రహరీ మీద, ఆఫీసు మెట్ల దగ్గర, బస్టాండు గోడమీద ఎర్రమట్టి రంగు వేసి, తెల్లని త్రికోణాల మనుషులు చేయీచేయీ పట్టుకుని ఆడుతుంటారు. అది వార్లీ. మహారాష్ట్రలో దహాను చుట్టుపక్కల ఉండే వార్లీల బొమ్మ. పెళ్లి ఇంట్లో ముత్తైదువలు బియ్యప్పిండితో వేసే ముగ్గు నుంచి పుట్టిన కళ. జీవ్యా సోమా మశే దాన్ని కాగితం మీదికి తెచ్చి లోకానికి చూపాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2018లో చనిపోయాడు. మనకు వార్లీల మీద గౌరవమే. కానీ గోండు ఊరి బడికి, కోయ ఊరి బడికి, సవర ఊరి బడికి అన్నింటికీ ఒకే బొమ్మ ఎందుకు? టెండరు పాడుకున్న పెయింటరుకు అదొక్కటే వచ్చు కాబట్టి. ‘గిరిజనుల బడి’ అనగానే ఆఫీసుకు అదొక్కటే గుర్తొస్తుంది కాబట్టి. గ్యాలరీలో మన మనిషి పేరు పోయింది. బడి గోడమీద మన తెగ పేరు కూడా పోయింది. వార్లీలకూ అన్యాయమే. వాళ్ల బొమ్మ వాడుకుని ఒక్క రూపాయి, ఒక్క పేరు వాళ్లకు ఇవ్వలేదు.

తోటి టీచర్లారా, ఇది మన చేతిలో ఉన్న గోడ. దీని గురించి గ్యాలరీని తిట్టి లాభం లేదు. ఈసారి రంగులకు డబ్బు వచ్చినప్పుడు ఊళ్లో గోడలు అలికి బొమ్మలు వేసే అవ్వను పిలవండి. పెయింటరుకు ఇచ్చే కూలీ ఆమెకు ఇప్పించండి. కింద మూలన ఆమె పేరు, ఊరు, ఏడాది రాయించండి. తెలుగులో ఒకసారి, ఆ పిల్లల భాషలో ఒకసారి. గోండీ అయితే గుంజాల లిపి ఉంది. 2018లో అది యూనికోడ్‌లోకి కూడా చేరింది. ఫోనులో కంప్యూటర్లో రాయగల లిపి మన దగ్గర ఉండగా చీటీకి భాష లేదని ఎవరూ అనలేరు.

ఇక్కడ మన ఇంటి ముచ్చట ఒకటి ఉంది. ఆడవాళ్ల పేర్లు మనమూ చెప్పడం లేదు. డోలు కొట్టేవాడి పేరు చెబుతాం. గోడ అలికి బొమ్మ తీర్చిన కోడలి పేరు చెప్పం. నగరం మనకు చేస్తున్నదే మనం మన ఆడవాళ్లకు చేస్తే, నగరాన్ని అడిగే నోరు మనకు ఉండదు.

ఇక చేయాల్సింది

గ్యాలరీలను, మ్యూజియాలను మనం అడగాల్సింది ఇది. చేసిన మనిషి పేరు, ఊరు, జాతి, ఏడాది లేకుండా మన పని ఏదీ గోడకు ఎక్కకూడదు. పాత సేకరణలో పేరు తెలియకపోతే ‘పేరు సేకరించలేదు’ అని నిజాయితీగా రాయాలి. ఆ తప్పు ఎవరిదో చూసేవాళ్లకు తెలియాలి. మన ఫొటో పెడితే ఫొటోలోని మనిషి పేరు, అనుమతి ఉండాలి. పూజకు సంబంధించిన వస్తువు పెట్టాలంటే ఊరి పెద్దల సమ్మతి రాతలో ఉండాలి. మన కళల ప్రదర్శన కూర్చేవాళ్లలో, ధర కట్టేవాళ్లలో మనవాళ్లు ఉండాలి. ఆగస్టు 9 ఒక్కటే మన తేదీ కాదు. మిగతా నెలల్లోనూ, అదే హాలులో, అదే వెలుతురులో, ఒక్కొక్క కళాకారుడి పని విడిగా చూపించాలి.

యువకులు చేయాల్సింది కూడా ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో పోత పోసేవాళ్లు, వాద్యం చేసేవాళ్లు, గోడబొమ్మ వేసేవాళ్లు, కథ చెప్పేవాళ్లు ఎవరెవరో రాయండి. పేరు, వయసు, ఎవరి దగ్గర నేర్చారు, ఎవరికి నేర్పారు. ఊరి బయటికి పోయిన ప్రతి పనికీ వెనక ఒక ఫొటో, తేదీ, కొన్నవారి వివరం దాచండి. రేపు ఎవరైనా ‘కర్త తెలియదు’ అంటే ఈ పుస్తకం తెరిచి చూపించండి. 1940లలో హైమెండార్ఫ్ మన గోండు ఊళ్లలో తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ విద్యాసంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. అలాంటి పాత ఫొటోలు పుస్తకాల్లో, ఫోనుల్లో దొరికితే తీసుకెళ్లి ముసలివాళ్లకు చూపించండి. “ఈయన ఎవరు తాతా?” అని అడగండి. ఆ ముఖాలను గుర్తుపట్టగలిగేవాళ్లు ఇంకా కొందరే మిగిలి ఉన్నారు. వాళ్లు పోతే ఆ మనుషులు ఎప్పటికీ ‘ఒక గోండు పురుషుడు’గానే ఉండిపోతారు.

“అసలు మనకు గ్యాలరీ ఎందుకు, మన ఊరు చాలదా” అనే మాట మనలోనే కొందరు అంటారు. ఊరు చాలు అనుకునే హక్కు వాళ్లకు ఉంది. కానీ మన పని ఇప్పటికే నగరానికి వెళ్లిపోయింది. మనం వెళ్లకపోయినా అది అక్కడ ఉంది. ఎవరో దాని పక్కన చీటీ రాస్తూనే ఉన్నారు. రాసే చేయి మనది కాకపోతే రాసేది వాళ్లకు తోచిందే అవుతుంది.

వచ్చే ఆగస్టుకు మళ్లీ ఫోన్లు వస్తాయి. పదిమంది గుస్సాడీలను పంపండి, నాలుగు ఇత్తడి బొమ్మలు పంపండి, ఒక డోలు పంపండి అంటారు. కోపం వద్దు, తొందర వద్దు. ముందు ఒక్క ప్రశ్న అడగండి: “చీటీ మీద ఏం రాస్తారు?” జవాబు కాగితం మీద వచ్చాకే తుడుం మోగాలి.